ఆక్వా పరిశోధనకు నిధులు: చెరువు గట్టు నుంచి మంజూరు పత్రం దాకా

"ప్రాజెక్టు ప్రతిపాదన ఎలా రాయాలి? ఒక నమూనా పంపండి సార్" అని ఫిషరీస్ కళాశాలల్లో కొత్తగా చేరిన అధ్యాపకులు అడుగుతుంటారు. పీహెచ్‌డీ ముగించిన పిల్లలు, ఈమధ్య రొయ్య రైతుల సంఘాలవాళ్లు కూడా అడుగుతున్నారు. నమూనా పంపడం తేలికే. కానీ వేరొకరి ప్రశ్నకు అల్లిన ప్రతిపాదనలో మీ ప్రశ్న ఇమడదు. కాబట్టి నమూనాకు బదులు పని జరిగే వరుసను రాస్తున్నాను.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. భీమవరం చుట్టుపక్కల వనామీ రొయ్యల చెరువుల్లో ఈహెచ్‌పీ అనే జబ్బు సమస్య, దానికి పంటకు ముందు నేలకు వేసే సున్నం. మీ విషయం వేరైనా వరుస ఇదే.

1. ప్రశ్న గట్టు మీద పుట్టాలి

"మాస్టారూ, మేత తింటన్నాయి గానీ ఎదగట్లేదండి. తొంభై రోజులైనా కౌంటు రావట్లేదు." ఇది రైతు మాట. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. ఈ మాటను పరిశోధన ప్రశ్నగా మార్చడమే మీ మొదటి పని. ప్రతిపాదనలో సగం బలం ఇక్కడే వస్తుంది.

చాలామంది ఇందుకు ఎదురుగా నడుస్తారు. కళాశాలకు ఒక పీసీఆర్ యంత్రం (జబ్బు క్రిమిని జన్యుపదార్థం ద్వారా పట్టేది) కావాలి, దానికి సరిపడే అంశం ఏదో చూస్తారు. మూల్యాంకనం చేసేవాళ్లు ఈ సంగతి రెండో పేజీలోనే పసిగడతారు. యంత్రం కోసం పుట్టిన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ ఉండరు.

మా ఉదాహరణలో ప్రశ్న ఇలా తేలుతుంది. ఈహెచ్‌పీ అనేది రొయ్య హెపాటోపాంక్రియాస్‌లో, అంటే రైతులు లివర్ అనే భాగంలో పెరిగే సూక్ష్మ పరాన్నజీవి. తెల్లమచ్చల వ్యాధిలా మూడు రోజుల్లో చెరువు ఖాళీ చేయదు. ఎదుగుదల ఆపేస్తుంది, సైజు తేడాలు తెస్తుంది, మేత ఖర్చు పెంచుతుంది. దాని స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి కణాలు) చెరువు అడుగు మట్టిలో మిగిలి తర్వాతి పంటకు అంటుకుంటాయి.

మట్టిని దున్ని, హెక్టారుకు 6 టన్నుల క్విక్‌లైమ్ (నీళ్లు తగలని కాల్చిన సున్నం) కలిపి, తడిపి, పీహెచ్ (క్షార గుణం కొలత) 12 దాకా తీసుకెళ్లాలన్నది ఆసియా దేశాల్లో నిపుణులు ఇచ్చిన సలహా. ఎకరానికి లెక్కేస్తే సుమారు 2.4 టన్నులు. మన రైతు అంత వేయడు, ఖర్చు భరించలేడు. మరి సగం మోతాదుతో మన నల్లరేగడి చెరువులో పని జరుగుతుందా? అదీ ప్రశ్న.

ప్రశ్న కుదిరిందో లేదో ఇలా చూసుకోండి:

☐ ఒక్క వాక్యంలో చెప్పగలుగుతున్నానా?
☐ జవాబు "అవును" అయితే రైతు ఏం మారుస్తాడు? "కాదు" అయితే ఏం మానేస్తాడు?
☐ ఈ ఇబ్బందిని కనీసం పదిమంది రైతులు తమంతట తాముగా చెప్పారా?
☐ మూడేళ్లలో, నా చేతిలో ఉన్న మనుషులతో జవాబు దొరుకుతుందా?

రెండో దానికి జవాబు లేకపోతే అక్కడే ఆగి మళ్లీ గట్టు మీదకు వెళ్లండి.

2. తెలిసినదాన్ని మళ్లీ కనిపెట్టకండి

ప్రతిపాదన రాయడానికి ముందు నెల రోజులు చదవడానికి కేటాయించండి. పత్రాలు చదవడంతో సరిపెట్టకండి. కేంద్ర పరిశోధన సంస్థల్లో చెన్నైలోని సీబా ఉప్పునీటి సాగు మీద, భువనేశ్వర్‌లోని సీఫా మంచినీటి చేపల మీద పనిచేస్తాయి. సీఫాకు విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈకి కాకినాడలో, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్‌ఆర్‌ఐకీ మత్స్య సాంకేతిక సంస్థ సీఐఎఫ్‌టీకీ విశాఖపట్నంలో కేంద్రాలున్నాయి. మీరు రాయబోయే అంశం మీద వాళ్ల దగ్గర ఇప్పటికే ఏదైనా ప్రాజెక్టు నడుస్తోందేమో ఫోన్ చేసి కనుక్కోండి.

ఈ ఒక్క ఫోన్ చేయకపోవడం వల్ల ఆగిపోయిన ప్రతిపాదనలు నాకు తెలుసు. మూల్యాంకన కమిటీలో కూర్చునేవాళ్లు తరచూ ఆ సంస్థలవాళ్లే. "ఇది మేం చేస్తున్నాం కదా" అన్న మాట అక్కడ వినేకంటే ముందే విని వాళ్లను భాగస్వాములుగా కలుపుకోవడం మేలు.

3. ఏ తలుపు తట్టాలి?

ప్రశ్న స్వభావాన్ని బట్టి తలుపు మారుతుంది. అందరికీ ఒకే ప్రతిపాదన పంపడం పెద్ద పొరపాటు.

పరాన్నజీవి జీవశాస్త్రం, జన్యువులు, రోగనిరోధకత వంటి మూల ప్రశ్నలైతే ఏఎన్‌ఆర్‌ఎఫ్ (జాతీయ పరిశోధన ఫౌండేషన్), డీబీటీ (కేంద్ర జీవసాంకేతికత శాఖ). 2023 చట్టంతో ఏర్పడిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ పాత పరిశోధన బోర్డు ఎస్‌ఈఆర్‌బీ స్థానంలో వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు అక్కడ విడిగా పథకం ఉంది. డీబీటీకి ఆక్వాకల్చర్, సముద్ర జీవసాంకేతికత విభాగం ఉంది. ప్రతిపాదనలు ఈప్రోమిస్ పోర్టల్‌లో తీసుకుంటుంది. అనేక సంస్థలు కలిసి చేసే వ్యూహాత్మక పరిశోధన అయితే ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) వారి జాతీయ వ్యవసాయ విజ్ఞాన నిధి చూడండి.

క్షేత్రంలో చేసి చూపించే పనైతే కేంద్ర మత్స్యశాఖ, హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌డీబీ (జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు). 2020లో 20,050 కోట్ల రూపాయల అంచనాతో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వినూత్న ప్రాజెక్టులు, సాంకేతిక ప్రదర్శనలు, పైలట్ ప్రాజెక్టులకు చోటు పెట్టారు. ప్రయోగశాల పరిశోధనను ఆ తలుపు దగ్గరకు తీసుకెళ్లకండి. "ఎన్ని చెరువుల్లో చేసి చూపిస్తారు, ఎంతమంది రైతులు నేర్చుకుంటారు" అన్నదే అక్కడి ప్రశ్న. ఏ పథకమైనా ప్రస్తుత కాలపరిమితి ఎప్పటివరకో చూశాకే కలం పట్టండి.

రాష్ట్రానికి ప్రత్యేకమైన సమస్య అయితే ఆర్‌కేవీవై (రాష్ట్రీయ కృషి వికాస్ యోజన). అది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉండే రాష్ట్ర స్థాయి మంజూరు కమిటీ గుండా వెళ్తుంది. కాబట్టి రాష్ట్ర మత్స్యశాఖ మద్దతు లేకుండా కదలదు. జిల్లా మత్స్యశాఖ అధికారిని ముందే కలవండి. నాబార్డ్ కూడా క్షేత్ర ప్రయోగాలకు గ్రాంటు ఇస్తుంది. దాని దారి జిల్లా అభివృద్ధి మేనేజర్‌తో మొదలవుతుంది.

పరికరమో, టెస్ట్ కిట్టో, యాపో తయారుచేసే అంకుర సంస్థ అయితే బయోటెక్ అంకుర సంస్థలకు సాయపడే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారి బిగ్ పథకం 18 నెలలకు 50 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. నమూనా పరికరం దశలోనే ఉంటే నిధి ప్రయాస్ అనే కేంద్ర పథకం కింద 10 లక్షల వరకు వస్తాయి. హైదరాబాద్‌లోని వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీ నార్మ్‌లో ఉన్న ఎ-ఐడియా వంటి ఇంక్యుబేటర్‌లో చేరితే దారి చూపించేవాళ్లు దొరుకుతారు.

ఇక కంపెనీల డబ్బు. మేత, మందుల కంపెనీలు పరిశోధనకు డబ్బిస్తామని ముందుకొస్తాయి. తీసుకోవద్దని నేను అనను. అయితే ఒప్పందంలో ఒక వాక్యం ఉండి తీరాలి: ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు పరిశోధకులదే. ఆ వాక్యానికి ఒప్పుకోని డబ్బును వదిలేయండి. రేపు ఆ ఫలితాన్ని నమ్మి లక్షలు పెట్టేది రైతు.

4. అర్హతలో జారిపడకండి

చిన్న విషయాలే, కానీ తెరవకుండానే తిప్పి పంపేది వీటివల్లే.

☐ ప్రధాన పరిశోధకుడు ప్రాజెక్టు పూర్తయ్యేదాకా సర్వీసులో ఉంటాడా? మధ్యలో రిటైరైతే సహ పరిశోధకుడు ఎవరు?
☐ ప్రైవేటు సంస్థ అయితే డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ) గుర్తింపు అడిగారా?
☐ స్వచ్ఛంద సంస్థ అయితే స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ దర్పణ్‌లో నమోదు ఉందా?
☐ సంస్థ అధిపతి సంతకంతో ఆమోద పత్రం వచ్చిందా?
☐ ప్రయోగం చేసే చెరువులకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నమోదు గానీ, రాష్ట్ర లైసెన్సు గానీ ఉందా?
☐ చేపల మీద ప్రయోగమైతే జంతు నైతిక కమిటీ, జన్యు మార్పిడి పనైతే జీవభద్రత కమిటీ అనుమతి మొదలుపెట్టారా?

ఆమోద పత్రం మీద సంతకం చివరి రోజున దొరుకుతుందని అనుకోకండి. సంస్థ అధిపతి ఊళ్లో లేకపోవడం ఎప్పుడూ ఆ రోజే జరుగుతుంది. రెండు వారాల ముందే తీసుకోండి.

రైతు సంఘం సాధారణంగా ప్రధాన పరిశోధక స్థానంలో ఉండలేదు. భాగస్వామిగా మాత్రం ఉండాలి. పేరుకు ఒక మద్దతు లేఖ ఇస్తే సరిపోదు. ఎన్ని చెరువులు, ఎన్ని పంటలు, ఏయే వివరాలు ఇస్తారో ఆ లేఖలోనే ఉండాలి.

5. రైతుతో మాట ముందే రాసుకోండి

చెరువు రైతుది. ఒక పంటలో అతను పెట్టే డబ్బు మీ ప్రాజెక్టు బడ్జెట్ కంటే ఎక్కువే కావచ్చు. ఈ గౌరవం మొదటి రోజు నుంచీ మనసులో ఉండాలి.

ఒకసారి మా ప్రయోగం మధ్యలో పక్క ఊళ్లో తెల్లమచ్చలు కనిపించాయి. మా చెరువుల్లో నాలుగు రాత్రికి రాత్రే పట్టుబడి చేసేశారు, అంటే రొయ్యలన్నీ పట్టేసి అమ్మేశారు. రైతుల తప్పేం లేదు, అప్పు తెచ్చి పెట్టిన పంట అది. తప్పు మాది. అలాంటి రోజున ఏం కొలవాలో, ఎవరికి ఫోన్ చేయాలో మేం ముందు మాట్లాడుకోలేదు. తూకం లేదు, నమూనా లేదు. ఏడాది పని నాలుగు ఖాళీ గడులుగా మిగిలింది.

అప్పటినుంచి తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాసుకుంటున్నాం. అందులో ఉండేవి:

☐ సున్నం, పరీక్షలు ఎవరి ఖర్చు? కూలీ ఎవరిది?
☐ అర్ధంతరంగా పట్టుబడి చేయాల్సి వస్తే ఎన్ని గంటల ముందు చెప్పాలి? ఆ రోజు మేం వచ్చి ఏం తీసుకుంటాం?
☐ మేత, మందులు, చనిపోయిన రొయ్యల లెక్క ఏ పుస్తకంలో, ఎవరు రాయాలి?
☐ రైతు పేరు, సర్వే నంబరు బయటపెట్టం అన్న హామీ.
☐ ఫలితం ముందు రైతుకు చెప్పి, తర్వాతే ఇతరులకు చెబుతామన్న మాట.
☐ ఇష్టం లేకపోతే తప్పుకునే హక్కు.

ఇంకొకటి ఎవరూ అడగరు, తప్పక అడగండి: ఇది సొంత చెరువా, లీజా? లీజైతే ఎప్పటివరకు? గోదావరి, కృష్ణా జిల్లాల్లో లీజు సాగు ఎక్కువ. మూడేళ్ల ప్రాజెక్టుకు ఏడాది లీజు ఉన్న చెరువును ఎంచుకుంటే రెండో ఏడాది గట్టు మీద కొత్త మనిషి కనిపిస్తాడు. "మీరెవరండీ?" అంటాడు.

రైతుకు ఇచ్చే పరిహారం ఫలితంతో ముడిపడకూడదు. "దిగుబడి పెరిగితే ఇంత" అంటే లెక్కలే మారిపోతాయి.

6. ప్రయోగ పద్ధతి: ఎక్కువ ప్రతిపాదనలు పడిపోయే చోటు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

నేను మొదట రాసిన ప్రతిపాదనలో మూడు చెరువులు పెట్టాను. ఒకదానికి పూర్తి సున్నం, ఒకదానికి సగం, ఒకదానికి ఏమీ లేదు. ఒక్కో చెరువు నుంచి వంద రొయ్యలు తీసి కొలుస్తానన్నాను. మూడు వందల కొలతలు ఉన్నాయి కదా అనుకున్నాను. వెనక్కి వచ్చింది. "ప్రతి పద్ధతికీ ఉన్నది ఒక్క చెరువే" అని ఒకే ఒక్క వాక్యం రాశారు.

వాళ్లు చెప్పింది నిజం. సున్నం వేసింది చెరువుకి, రొయ్యకి కాదు. కాబట్టి లెక్కలోకి వచ్చేది చెరువు. ఒక చెరువులో వంద రొయ్యలు కొలిచినా వెయ్యి కొలిచినా అది ఒక్క లెక్కే. ఆ చెరువు మట్టి, నీరు, మేత వేసే మనిషి అన్నీ ఆ వందకూ ఉమ్మడి. ఒకే చెరువులో ఆరు హాపాలు (వల గదులు) కట్టినా ఇదే ఇబ్బంది.

సరిచేసుకున్న పద్ధతి ఇది. ఆరు గ్రామాలు తీసుకుందాం. ప్రతి గ్రామంలో పక్కపక్కన మూడు చెరువులు. ఏ చెరువుకు ఏ మోతాదు అన్నది చీటీలు వేసి తేల్చాలి. మొత్తం 18 చెరువులు. గ్రామానికీ గ్రామానికీ ఉన్న నీటి తేడా అన్ని మోతాదుల మీదా సమానంగా పడుతుంది. రెండు మూడు చెరువులు మధ్యలో పోయినా ఏదో ఒకటి తేల్చగలం. ఎన్ని చెరువులు కావాలన్నది గణాంక నిపుణుడితో కూర్చుని తేల్చుకోండి. అందుకు రైతుల పాత పుస్తకాల నుంచి బతుకుదల శాతం, ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకు పట్టిన మేత) తీసుకెళ్లండి. ఆ అంకెల్లో తేడా ఎంత ఎక్కువుంటే చెరువులు అన్ని ఎక్కువ కావాలి.

"ఏమీ వేయని చెరువు" అన్నది మన దగ్గర కుదరదు. ఏదో ఒక సున్నం కొద్దిగా వేయకుండా రైతు సీడ్ (రొయ్య పిల్లలు) వదలడు. కాబట్టి పోలికకు "రైతు మామూలుగా చేసేది" అని పెట్టి, అదేమిటో కిలోల్లో రాయండి.

ఇక నమూనాలు. చెరువులో నూటికి 5 రొయ్యలకు జబ్బు ఉంటే, కనీసం ఒకటైనా మన చేతికి దొరుకుతుందని 95 శాతం ధీమాగా అనుకోవాలంటే సుమారు 60 రొయ్యలు తీయాలి. నూటికి 2 ఉంటే 150 కావాలి. నూటికి 10 ఉంటే 30 చాలు. "ప్రతి చెరువు నుంచి 10 రొయ్యలు" అని రాసే ప్రతిపాదనలు ఎందుకు నిలవవో ఇప్పుడు అర్థమవుతుంది. చెక్ ట్రేలో (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెంలో) పడ్డవాటితోనే సరిపెట్టకండి. మేతకు పరుగెత్తి వచ్చేవి ఆరోగ్యంగా ఉన్నవే. వలతో నాలుగు మూలలా తీయండి.

తరచూ చూసే పొరపాట్లు, సవరణలు:

• సీడ్ వేర్వేరు హ్యాచరీల నుంచి రావడం. సవరణ: ఒక గ్రామంలోని మూడు చెరువులకూ ఒకే హ్యాచరీ, ఒకే బ్యాచ్ పీఎల్ (రొయ్య పిల్లలు), వదిలే ముందు పీసీఆర్ పరీక్ష. సీడ్‌తోనే ఈహెచ్‌పీ వస్తే సున్నం పనిచేసిందో లేదో ఎప్పటికీ తేలదు.
• డీలరు క్విక్‌లైమ్ అని చెప్పి వ్యవసాయ సున్నం పంపడం. అది పీహెచ్‌ను 12కు తీసుకెళ్లలేదు. సవరణ: ప్రతి లోడు నుంచి గుప్పెడు తీసి నీళ్లు చల్లి చూడండి, ఉడకాలి. సున్నం కలిపిన తడి మట్టి పీహెచ్ కొలిచి రాసుకోండి. క్విక్‌లైమ్ కళ్లలో, ఒంటిమీద పడితే కాలుతుంది. చల్లే కూలీలకు కళ్లద్దాలు, చేతి తొడుగులు, బూట్లు బడ్జెట్‌లోనే పెట్టండి.
• పక్క చెరువు నీరు గండి గుండా కలవడం. సవరణ: ఒకే కాలువ నుంచి తీసుకుని అదే కాలువలోకి వదిలే చెరువులను ఎంచుకోకండి. తప్పకపోతే ఆ సంగతి దాచకుండా రాయండి.
• పరీక్ష చేసేవాళ్లకు ఏ సీసా ఏ చెరువుదో తెలిసిపోవడం. సవరణ: సీసాల మీద అంకెలే ఉండాలి, జాబితా మరొకరి దగ్గర ఉండాలి.

7. నెలలు కాదు, పంటలు లెక్కపెట్టండి

ప్రతిపాదనల్లో "మొదటి త్రైమాసికం, రెండో త్రైమాసికం" అని అందంగా పట్టిక గీస్తారు. చెరువుకు త్రైమాసికాలు తెలియవు. వేసవి పంటకు సీడ్ ఫిబ్రవరి, మార్చిల్లో పడుతుంది. మీ డబ్బు జూన్‌లో వస్తే ఆ పంట పోయినట్టే.

నా మొదటి ప్రాజెక్టులో ఇదే అయింది. మంజూరు పత్రం జనవరిలో వచ్చింది, మొదటి విడత మే నెలలో పడింది. మనుషుల్ని తీసుకునేసరికి ఆగస్టు.

అందుకే మొదటి ఆరు నెలల్లో పంట మీద ఆధారపడని పనులు పెట్టండి: సిబ్బంది ఎంపిక, మట్టి నమూనాలు, రైతుల పాత లెక్కల సేకరణ, పరీక్ష పద్ధతి స్థిరపరచడం. చెరువు ప్రయోగం రెండు వేసవి పంటల్లో జరిగేలా చూడండి. ఒకే పంటలో వచ్చిన ఫలితాన్ని వర్షం, ఎండ ఏవైనా తారుమారు చేయవచ్చు.

8. బడ్జెట్: ప్రతి రూపాయికి పద్ధతిలో వేరు ఉండాలి

బడ్జెట్‌ను చివర్లో ఒక రాత్రి కూర్చుని రాయకండి. పద్ధతి పేజీ పక్కన పెట్టుకుని, అందులోని ప్రతి క్రియాపదానికీ ధర కట్టండి.

ఉదాహరణకు పరీక్షలు. 18 చెరువులు, సీడ్ వదిలిన రోజుతో కలిపి పంటకు 4 సార్లు, ప్రతిసారీ 60 రొయ్యలు ఐదేసి చొప్పున కలిపితే 12 నమూనాలు. 18 × 4 × 12 = 864 పరీక్షలు. మళ్లీ చేయాల్సి వచ్చేవాటికి పదో వంతు కలిపితే 950. రెండు పంటలకు 1,900. ఇప్పుడు కిట్ ధరతో గుణించండి. "రసాయనాలకు 10 లక్షలు" అని రాసినదానికీ, దీనికీ తేడా కమిటీకి వెంటనే కనిపిస్తుంది. కోత పెట్టాలనుకున్నా ఎక్కడ పెట్టాలో వాళ్లకు తెలియదు, ఎందుకంటే ప్రతి అంకె వెనకా కారణం ఉంది. ఐదేసి కలిపితే జబ్బు తక్కువ స్థాయిలో ఉన్నప్పుడు దొరికే శక్తి కొంత తగ్గుతుంది. ఆ మాటా ప్రతిపాదనలో రాయండి.

సిబ్బంది జీతం మీ ఇష్టం కాదు. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ పరిశోధక ఫెలోకు) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోకు) 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. ఒకరిని రెండేళ్లు జేఆర్‌ఎఫ్‌గా, ఏడాది ఎస్‌ఆర్‌ఎఫ్‌గా తీసుకుంటే భత్యం కాకుండానే 13,92,000. ప్రకటనలో కొత్త రేట్లు ఇచ్చి ఉంటే అవే వేయండి.

మరిచిపోయే ఖర్చులు:

☐ తెల్లవారుజామున చెరువు దగ్గరకు వెళ్లే వాహనం. ఆక్సిజన్ అడుగంటేది అప్పుడే, కొలవాల్సిందీ అప్పుడే.
☐ నమూనాల ఐస్ బాక్సులు, ఆల్కహాలు, కరెంటు పోతే డీప్ ఫ్రీజర్‌కు బ్యాకప్.
☐ డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు మెంబ్రేన్లు, పీహెచ్ బఫర్లు. మీటరు కొని ఇవి కొనకపోతే మూడో నెలకు అది అలంకారం.
☐ పరికరాల వార్షిక నిర్వహణ.
☐ రైతు సమావేశాలు, తెలుగు కరపత్రాలు.
☐ లెక్కల తనిఖీ రుసుము.

పెద్ద పరికరం అడిగేటప్పుడు దగ్గర్లోని సంస్థల్లో అది ఎక్కడుందో, అక్కడ వాడుకోవడం ఎందుకు కుదరదో రెండు వాక్యాలు రాయండి. కుదిరేటట్టయితే అడగకండి. ఆ డబ్బుతో ఇంకో ఆరు చెరువులు చూడవచ్చు.

9. "సుస్థిరత" అన్న మాట వాడితే కొలిచి చూపించండి

ప్రతి ప్రతిపాదనలోనూ ఈ మాట ఉంటుంది. కొలత మాత్రం ఉండదు. పట్టుబడి రోజున చెరువు ఖాళీ చేస్తే ఆ నీరు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి ఉప్పుటేరులోకో, కింది ఊరి పొలాల్లోకో పోతుంది. మీ పద్ధతి వల్ల ఆ నీటికి ఏమవుతోంది?

మా ఉదాహరణలో కొలవాల్సినవి ఇవి: కిలో రొయ్యకు ఎంత మేత, ఎంత కరెంటు, ఎంత నీరు మార్చారు, వదిలిన నీటిలో అమ్మోనియా, తేలియాడే మట్టి ఎంత. ముఖ్యంగా సున్నం వేసి తడిపిన నీటిని పీహెచ్ మామూలు స్థాయికి దిగేదాకా బయటికి వదలకూడదు. ఆ నియమాన్ని ప్రతిపాదనలోనే రాయండి. పీహెచ్ 12 నీరు కాలువలో పడితే కింద చేపలు చస్తాయి. మన ప్రయోగం ఇంకొకరి నష్టం కాకూడదు.

యాంటీబయాటిక్ అవశేషాల పరీక్ష కూడా కలపండి. నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ వంటి నిషేధిత మందులు దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఈ పద్ధతి వల్ల మందుల వాడకం తగ్గిందని చూపగలిగితే అంతకంటే బలమైన ఫలితం లేదు.

10. సముద్ర వేట మీద పనైతే

వరుస ఇదే, మూడు తేడాలు గుర్తుంచుకోండి.

ఒకటి, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో బోటు మీద నమూనాలు తీస్తామని రాస్తే ప్రతిపాదన అక్కడే చదవడం ఆపేస్తారు. ఆ కాలాన్ని వలల తయారీకి, మత్స్యకారులతో సమావేశాలకు వాడుకోండి.

రెండు, డీజిలు ఖర్చు, వల మార్చినందువల్ల తగ్గే పట్టుకు పరిహారం బడ్జెట్‌లో ఉండాలి. తాబేళ్లు బయటికి పోయే పరికరం వలకు బిగించి చూడమంటే మత్స్యకారుడి మొదటి ప్రశ్న "రొయ్య ఎంత పోద్ది?" అనే. ఆ ప్రశ్న చిన్నది కాదు. తాబేళ్ల రక్షణ చాలదన్న కారణంతోనే మన సముద్రపు రొయ్యను అమెరికా తీసుకోవడం ఆపేసింది. ఎంత పోతుందో కిలోల్లో కొలిచి చెప్పడమే మీ పరిశోధన.

మూడు, రేవులో వేలం పాట మొదలయ్యాక మీకు చేపను ముట్టుకునే వీలుండదు. దానికి ముందే కొలవాలి. అందుకు వేలం వేసేవాళ్లతో, చేపలు కొనే ఆడవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

11. రాసేటప్పుడు

ముందు ఒక పేజీ సారాంశం రాసి, మత్స్యశాస్త్రం తెలియని స్నేహితుడికి ఇవ్వండి. సమస్య ఏమిటో, మీరేం చేస్తారో అతను తిరిగి చెప్పగలిగితే మిగతా పేజీలు మొదలుపెట్టండి.

లక్ష్యాలు మూడు మించకూడదు. ప్రతి లక్ష్యానికీ ఒక పద్ధతి, ఒక కొలత, ఒక ఖర్చు. ఈ నాలుగింటినీ ఒక పట్టికలో అడ్డంగా రాసుకుంటే ఖాళీ గడి ఎక్కడుందో వెంటనే కనిపిస్తుంది.

"ఏం తప్పుకావచ్చు" అన్న చిన్న భాగం తప్పక పెట్టండి. జబ్బు వస్తే, తుపాను వస్తే, ధర పడి రైతు పంట మానేస్తే ఏం చేస్తారు? చాలామంది బలహీనత బయటపడుతుందని భయపడి ఇది రాయరు. నిజానికి మీకు చెరువు తెలుసని కమిటీ నమ్మేది ఈ భాగం చదివాకే.

12. కమిటీ ముందు

సాధారణంగా పది నిమిషాలిస్తారు. పన్నెండు స్లైడ్లకు మించకండి. ఈహెచ్‌పీ అంటే ఏమిటో వాళ్లకు చెప్పకండి, వాళ్లకు తెలుసు. చెరువుల మ్యాప్, ప్రయోగ పద్ధతి, బడ్జెట్ లెక్క, ఇవే చూపించండి. "రైతులు ఒప్పుకున్నారా?" అని అడిగినప్పుడు సంతకాలున్న ఒప్పంద పత్రాలు తీసి బల్ల మీద పెట్టండి.

తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, ఎవరిని అడిగి తెలుసుకుంటారో చెప్పండి.

తిరస్కరిస్తే వ్యాఖ్యలు అడిగి తీసుకోండి. వారం రోజులు పక్కన పెట్టి, కోపం తగ్గాక చదవండి. ప్రతి వ్యాఖ్యకూ ఎదురుగా ఏం మార్చారో రాసి మళ్లీ పంపండి. మూడు చెరువుల ప్రతిపాదన 18 చెరువులదిగా మారింది అలాగే.

13. డబ్బు వచ్చాక మొదటి నెల

☐ ప్రాజెక్టుకు వేరే ఖాతా, పీఎఫ్‌ఎంఎస్ (ప్రభుత్వ నిధుల లెక్క చూసే పోర్టల్) నమోదు.
☐ కొనాల్సినవి ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో దొరుకుతాయో లేదో చూడటం.
☐ పరికరాల రిజిస్టరు మొదటి వస్తువుతోనే తెరవడం.
☐ సిబ్బంది నియామక ప్రకటన.
☐ వినియోగ ధ్రువపత్రం (డబ్బు దేనికి ఖర్చయిందో ఇచ్చే పత్రం) గడువును క్యాలెండరులో రాసుకోవడం.

గ్రాంటు మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఒక పద్దు డబ్బు మరో పద్దులో వాడాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. వాడాక అడిగితే దొరకదు. వినియోగ ధ్రువపత్రం ఆలస్యమైతే రెండో విడత ఆలస్యం, రెండో విడత ఆలస్యమైతే మళ్లీ వేసవి పంట పోతుంది.

ప్రతి పంట తర్వాత, నేలలు ఎండబెట్టే రోజుల్లోనే, ఆ ఊరి రైతులను కూర్చోబెట్టి అప్పటిదాకా తేలింది చెప్పండి. మీ పత్రం జర్నల్లో వచ్చేసరికి రెండేళ్లు పట్టవచ్చు. ఈలోపు వాళ్లు నాలుగు పంటలు వేస్తారు. సగం మోతాదు పనిచేయలేదని తేలితే, తర్వాతి లోడు సున్నానికి అడ్వాన్సు ఇవ్వకముందే వాళ్లకు తెలియాలి.